కారు క్రిందికి పోవుటకు ముందు

నేడు మన గ్రామములలో కారు వింత వస్తువు కాదు. ఒకప్పుడు ఊరిలోనికి కారు వచ్చినచో పిల్లలందరును దాని వెంట పరుగెత్తుచుండిరి. ఇప్పుడు గొడ్లచావడి ఉండిన చోటనే రేకుల షెడ్డు వేసి, ఒక ప్రక్క ట్రాక్టరును ఇంకొక ప్రక్క కారును నిలుపుకొన్న ఇండ్లు డెల్టా గ్రామములలోనే గాక మెట్ట ప్రాంతములలోను కనబడుచున్నవి. బండి ఇంటనున్నప్పుడు దాని మరమ్మతులు కూడ కొన్ని ఇంటనే జరుగుట సహజము. టైరు మార్చుట, బ్రేకులు చూచుకొనుట, ఇంజను ఆయిలు దించి క్రొత్తది పోయుట, పొలముల దారిలో అంటుకొన్న బురదను అడుగుభాగము నుండి కడుగుట మొదలగు పనులకు ప్రతిసారియు పట్టణమునకు పోయి ఒక పూట పోగొట్టుకొనుట దండుగయని పలువురి అభిప్రాయము. అది తప్పు అభిప్రాయమని మేము అనము.

అయితే ఈ పనులన్నిటికిని బండిని నేల నుండి పైకి లేపవలెను. అందులకు హైడ్రాలిక్ జాకీ చిరకాలముగా ఉన్నది. ఇటీవల ఇంటి షెడ్డులో పరచుకొని, పని ముగిసిన పిమ్మట గోడకు చేర్చి పెట్టుకొనదగిన కారు లిఫ్టులు కూడ వచ్చినవి. రెండింటిలోను పనిచేయునది నూనెయే. ఆ నూనె బండిని ఎట్లు ఎత్తునో తెలిసికొనుట సులభము. ఎత్తిన పిమ్మట ఆ బరువును దేనిమీద నిలుపవలెనో తెలియకపోవుట వలననే ప్రాణములు పోవుచున్నవి. కావున ఈ వ్యాసములో మేము ఆ రెండవ విషయమునకే ఎక్కువ చోటు ఇచ్చుచున్నాము.

కాలువగట్టు మీద

2017 సంవత్సరము వర్షకాలములో మా ప్రచార వాహనము కృష్ణా డెల్టాలో ఒక కాలువగట్టు మీద ఆగిపోయినది. వెనుక చక్రములో మేకు దిగినది. అంతకు ముందు రెండు దినములుగా జల్లు పడుచుండెను. డ్రైవరు చక్రపు నట్లు వదులు చేసి, జాకీని నేలమీదనే పెట్టి వాహనమును లేపెను. చక్రమును ఊడదీసి ప్రక్కకు దొర్లించుటకు బదులు, దానిని వాహనము క్రిందికి త్రోసి చట్రము అడుగున పడుకోబెట్టెను. అతడు ఎందులకట్లు చేయుచున్నాడో మేము అప్పుడు గమనింపలేదు. ఇంతలో ఒక నట్టు దొర్లి వాహనము క్రిందికి పోయినది. మాతో వచ్చిన సహాయకుడు, ఇరువది ఏండ్ల కుఱ్ఱవాడు, నట్టు కొరకు బోర్లపడుకొని తలయు భుజమును లోనికి దూర్చెను.

నల్లరేగడి నేల తడిసిన పిమ్మట దాని మీద ఏదియు నిలువదని రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. జాకీ అడుగు ఒక ప్రక్కకు దిగబడి, నిలువుగా ఉండిన జాకీ ఒరిగి, రెప్పపాటులో వాహనము క్రిందికి వచ్చినది. పడుకోబెట్టిన టైరు మీద ఆగినది. కుఱ్ఱవాని వీపునకును వాహనమునకును నడుమ జానెడు కన్న తక్కువ ఖాళీ మిగిలినది. వాడు ప్రాకుచు బయటికి వచ్చెను. భుజము కొద్దిగా గీరుకొనుట తప్ప మరేమియు జరుగలేదు. కాని ఆ సాయంకాలము వరకు వాడు ఒక్క మాటయు మాటలాడలేదు.

టైరును అట్లు పెట్టుట ఎవరు నేర్పిరని మేము డ్రైవరును అడిగితిమి. "ఎవరూ నేర్పలేదండీ. మా నాయన ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేటప్పుడు ఊతకర్ర పెట్టకుండా చక్రం తియ్యనిచ్చేవాడు కాదు. భుజంతో ఎత్తిందాన్ని భుజంతోనే మొయ్యకురా అనేవాడు. అదే అలవాటండీ" అని అతడు చెప్పెను.

ఎడ్లబండి ఎరిగిన పెద్దలకు ఈ మాట క్రొత్త కాదు. ఒకడు బండిని భుజముతో ఎత్తును, ఇంకొకడు ఇరుసు క్రింద కర్ర నిలుపును, అటు పిమ్మటనే చీల లాగి చక్రమును జరుపుదురు. ఎత్తునది భుజము, మోయునది కర్ర. నేటి షెడ్డులో భుజమునకు బదులు జాకీయో లిఫ్టో వచ్చినది. కర్ర మాత్రము మాయమైనది. కర్రకు బదులుగా ఏమి ఉండవలెనో చెప్పుటకు ముందు, జాకీ కడుపులో ఏమున్నదో చూతము.

గ్లాసెడు నూనె

పదిహేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో బ్లెయిజ్ పాస్కల్ అను శాస్త్రజ్ఞుడు ఉండెను. మూసియున్న పాత్రలోని ద్రవమును ఒక చోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని ఆయన నిరూపించెను. దీనిని ఆధారము చేసికొని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. మన షెడ్డులోని జాకీ ఆ యంత్రము యొక్క సంతతిలోనిదే.

జాకీలో రెండు పిస్టనులు ఉండును. పాఠశాల పుస్తకములు వీనిని ముషలకములు అనుచున్నవి. ఒకటి సన్ననిది, రెండవది లావైనది. సన్నని దాని అడ్డుకొలత 1 సెంటీమీటరు, లావుదాని అడ్డుకొలత 4 సెంటీమీటర్లు అనుకొందము. అప్పుడు లావుదాని వైశాల్యము సన్నని దానికి 16 రెట్లు. సన్నని పిస్టనును నొక్కిన బలము లావుదాని వద్ద 16 రెట్లగును. ఇది గాక, నొక్కుటకు ఒక పొడవైన పిడి ఉన్నది. అది మన ఏతపు మాను వలె పనిచేసి, చేతి బలమును మరి 20 రెట్లు చేయుననుకొన్నచో మొత్తము 320 రెట్లు అగును. అనగా 800 కిలోల బరువు లేపుటకు పిడి కొనపై రెండున్నర కిలోల బలము, రాపిడి వలన మరికొంత, చాలును. పదేండ్ల పిల్లవాడు కూడ కారును లేపగలడు. ఈ సులభత్వమే ప్రమాదమునకు మొదటి కారణమని మా నమ్మకము. చేతికి బరువు తెలియనప్పుడు మనస్సునకు భయము తెలియదు.

బలము పెరిగినంత దూరము తరుగును. పిడి ఒక మారు దించినప్పుడు సన్నని పిస్టను 2 సెంటీమీటర్లు కదలినచో, లావుది లేచునది మిల్లీమీటరుంబావు మాత్రమే. బండి 15 సెంటీమీటర్లు లేచుటకు 120 మార్లు కొట్టవలెను.

ప్రతి మారును ఎక్కిన నూనె తిరిగి వెనుకకు రాకుండ లోపల చిన్న ఉక్కు గుండ్లతో కవాటములు అమర్చియుందురు. రైతులకు దీనిని ఒక్క మాటలో చెప్పవచ్చును: ఇది బావిలోని ఫుట్‌వాల్వు వంటిది. నీటిని పైకి పోనిచ్చును, క్రిందికి రానీయదు. ఫుట్‌వాల్వులో చిన్న పుల్ల చిక్కుకొన్నచో ఏమగునో మీకు తెలియును. రాత్రి గొట్టము నిండుగ ఉన్న నీరు తెల్లవారుసరికి జారిపోయి, మోటారు వేసినను నీరు ఎక్కదు. జాకీ కవాటములో ఒక్క ఇసుకరేణువు చిక్కుకొన్నను అదియే జరుగును. తేడా ఒక్కటే. బావిలో జారునది నీరు, ఇక్కడ జారునది కారు.

ఇంకొక లెక్క చూడుడు. 4 సెంటీమీటర్ల పిస్టను 15 సెంటీమీటర్లు లేచినప్పుడు దాని క్రింద నిలిచియున్న నూనె 190 మిల్లీలీటర్లకు మించదు. అది మంచినీళ్ళ గ్లాసెడు. 800 కిలోల బరువు క్రింద ఆ నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 64 కిలోలు ఉండును. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది సుమారు ముప్పది రెట్లు. ఈ ఒత్తిడి అంతయు ఒక రబ్బరు వాషరును, రెండు ఉక్కు గుండ్లను, ఒక మరను నెట్టుచుండును. వాషరు అరిగినను, మర కాస్త వదలినను గ్లాసెడు నూనె వచ్చిన త్రోవనే పోవును. కొన్నిసార్లు మెల్లగా జారి హెచ్చరించును. కొన్నిసార్లు హెచ్చరింపనే హెచ్చరింపదు.

కాబట్టి జాకీ తయారుచేయువారే దాని మీద వ్రాయుచున్నారు: ఇది ఎత్తుటకు మాత్రమే, బరువును నిలిపి ఉంచుటకు కాదు అని. ఆ వ్రాత చిన్న అక్షరములలో ఉండుట వలనను, తరచు ఆంగ్లములో ఉండుట వలనను మన వారి కంటబడుట లేదు.

నేల, చక్రము, ఊత

జాకీ మీద 2 టన్నులు, 3 టన్నులు, 5 టన్నులు అని దాని శక్తి చెక్కియుండును. చిన్న కారు బరువు 700 నుండి 900 కిలోలు, ఏడుగురు కూర్చుండు పెద్ద కారు 1,800 కిలోలు గాని అంతకు మించి గాని, 45 గుర్రపు బలముల ట్రాక్టరు సుమారు 2,000 కిలోలు ఉండును. బండి బరువుకు సరిపడు జాకీ ఎన్నుకొనుట కష్టము కాదు. శక్తి చాలక పగిలిన జాకీల కన్న, నేల సరిగాలేక ఒరిగిన జాకీలే మేము ఎక్కువ చూచితిమి.

నిలువు జాకీ అడుగుభాగము సాధారణముగా అరచేయి అంతయే ఉండును. పది సెంటీమీటర్ల చదరమునకు 800 కిలోలు అనగా చదరపు సెంటీమీటరునకు 8 కిలోలు. దాని క్రింద 30 సెంటీమీటర్ల చదరపు దళసరి పలక వేసినచో అదే బరువు చదరపు సెంటీమీటరునకు ఒక కిలో కన్న తక్కువ అగును. మట్టి నేలపై పలక లేని జాకీ కాలువగట్టు మీద మా జాకీ చేసిన పనియే చేయును.

మన ఇండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. షెడ్డులోను వరండాలోను కడప రాళ్ళు గాని తాండూరు బండలు గాని పరచుట వాడుక. చూచుటకు అంతకన్న గట్టి నేల లేదు. కాని ఆ బండలు పలుచనివి. ఇసుక మీదనో, అక్కడక్కడ వేసిన సున్నపు ముద్దల మీదనో ఉండును. బండ క్రింద బోలు ఉన్న చోట జాకీ పెట్టినచో అది వంగదు, ఒక్కసారిగా పగులును. కఱ్ఱతో తట్టి చూచినచో బోలు శబ్దము వినబడును. శబ్దము రాకపోయినను బండల నేలపై బండిని ఎత్తకుండుటయే మేలు. వాన నీరు పోవుటకై వాలుగా కట్టిన నేల కూడ ఈ పనికి తగదు.

చక్రములకు అడ్డు పెట్టు విషయములో చాలమంది చేతిబ్రేకును నమ్ముచున్నారు. చాల కార్లలో చేతిబ్రేకు వెనుక చక్రములను మాత్రమే పట్టును. ఆ వెనుక చక్రములనే గాలిలోనికి లేపినప్పుడు చేతిబ్రేకు పట్టుకొనునది గాలిని. గేరులో ఉంచితిమి గదా అందురేమో. మన చిన్న కార్లలో ఎక్కువ భాగము ముందు చక్రములతో నడచునవి. ఒక ముందు చక్రమును లేపినచో, అది గాలిలో తిరుగగలదు గనుక నేలమీది రెండవ చక్రమునకు గేరు పట్టు ఉండదు. ఏ వైపు లేపినను, నేలమీద మిగిలిన చక్రములకు ముందును వెనుకను చెక్క అడ్డులు బిగించుటయే దారి. గుండ్రని రాయి అడ్డు కాదు. చక్రముతో పాటు అదియు దొర్లును. చక్రపు నట్లను బండి లేపకముందే, చక్రము నేలమీద ఉండగనే వదులు చేయవలెను. లేచిన బండి మీద బలముకొద్ది పానా త్రిప్పుట బండిని చేతులార పడద్రోయుటయే.

ఇక ఊత సంగతి. జాకీతో పాటు ఇనుప స్టాండులు అమ్మబడుచున్నవి. మూడు నాలుగు కాళ్ళు కలిగి, ఎత్తు మార్చుకొనుటకు అడ్డుచీల గాని పండ్లు గాని ఉండును. లోపల నూనె లేదు, వాషరు లేదు. జారుటకు ఏమియు లేదు. ఒకే ఎత్తున రెండింటిని బండికి రెండు ప్రక్కల, కంపెనీ చూపిన దిట్టమైన చోటుల క్రింద నిలిపి, జాకీని మెల్లగా వదలి బండిని స్టాండుల మీదకు దించవలెను. చీల పూర్తిగా అవతలికి వచ్చినదా అని కంటితో చూచి, చేతితో తడవవలెను. తరువాత బయట నిలిచియే బండిని ప్రక్క నుండి గట్టిగా ఊపి చూడవలెను. పడవలసినది ఉన్నచో అప్పుడే పడనిండు. క్రింద మనిషి లేడు.

స్టాండులు లేని ఇంటిలో ఇటుకలు పేర్చుట మేము పలుచోట్ల చూచితిమి. ఇటుకయు సిమెంటు దిమ్మెయు గోడలో పరచిన బరువును చక్కగా మోయును. కాని ఒకే అంచు మీద బరువు పడినచో ముందుగా చెప్పకుండ పిండి అగును. అంతకన్న దళసరి తుమ్మ దుంగలను చదరముగా కోయించి, ఒక వరుస నిలువునకు ఒక వరుస అడ్డమునకు పేర్చుట ఎంతో మేలు. కొయ్య విరుగుటకు ముందు సాధారణముగా మూలుగును. ఊరి వడ్రంగి ఒక పూటలో చేసి ఇచ్చు పని ఇది.

లిఫ్టు వచ్చిన ఇల్లు

గుంటూరు జిల్లాలో మేము ఎరిగిన ఒక ఇంటిలో ఇట్టి కారు లిఫ్టు ఉన్నది. ఆ ఇంటి కుమారుడు రెండు కార్లు అద్దెకు త్రిప్పుచున్నాడు. తండ్రి వ్యవసాయము చేయుచున్నాడు. మేము పోయిన దినమున కుమారుడు లిఫ్టును ఎంతో ఉత్సాహముతో చూపెను.

అది రెండు పొడవైన ఇనుప చట్రములు. ఒక్కొక్కదానిని ఇద్దరు మనుషులు పట్టి మోయవచ్చును. కారు క్రింద కుడి ఎడమల నేలమీద పరచి, వానిపై రబ్బరు దిమ్మెలను అమర్చుదురు. ఒక చిన్న పెట్టెలో విద్యుత్తు మోటారును నూనె పంపును ఉండును. దాని నుండి చట్రములకు గొట్టములు పోవును. మీట నొక్కగనే రెండు చట్రములు కలిసి లేచి, నాలుగు చక్రములును నేల నుండి సుమారు అర మీటరు ఎత్తున నిలుచును. 120 మార్లు పిడి కొట్టనక్కరలేదు. లేచునప్పుడు కారు తిన్నగా పైకి పోక, కొంచెము ముందుకో వెనుకకో ఒరసికొనుచు లేచును. కావున కారును గోడకు చేర్చి నిలుపరాదు.

రబ్బరు దిమ్మె ఎక్కడ తగులవలెను అనునది ముఖ్యము. కారుతో ఇచ్చు పుస్తకములో ఆ నాలుగు చోటులు బొమ్మతో చూపియుందురు. తలుపుల క్రింది అంచులో చిన్న గుర్తులును ఉండును. దానికి బదులు నడుమ రేకు క్రింద పెట్టినచో రేకు లోనికి పోవును, కారు జారును. విద్యుత్తుతో నడచు కార్లలో నడుమ అంతయు బ్యాటరీ ఉండును గనుక అక్కడ దేనిని ఆనించినను పెద్ద నష్టము. అడుగున ఉన్న నూనె గొట్టములు, బ్రేకు గొట్టములు దిమ్మె క్రింద నలుగకుండ చూడవలెను. కారులో మనుషులు, డిక్కీలో బస్తాలు ఉండగా ఎత్తరాదు. ఎత్తిన పిమ్మట ముందు భాగమున బరువైన యంత్రభాగమును తీసినచో బరువు వెనుకకు మొగ్గును. అట్టి పని ఇంట పెట్టుకొనకుండుట మంచిది.

ఆ కుమారుడు ఇవన్నియు సరిగనే చేసెను. జానెడు లేపి, ఆపి, నాలుగు దిమ్మెలను చూచి, మరల లేపెను. ఒక్కటి మాత్రము చేయలేదు. ప్రతి చట్రమునకును ఒక ఇనుప అడ్డుకడ్డీ ఉండును. దానినే లాకు అందురు. కావలసిన ఎత్తునకు లేపిన పిమ్మట మీటను కొద్దిగా క్రిందికి వదలినచో, చట్రము దిగి ఆ కడ్డీ మీద కూర్చుండును. అప్పుడు బరువు నూనె మీద ఉండదు, ఇనుము మీద ఉండును. ఎడ్లబండి ఊతకర్ర ఇక్కడ చట్రములోనే అమర్చబడియున్నది. అతడు లాకు వేయకయే క్రిందికి దూరుటకు సిద్ధమయ్యెను. తండ్రి గుమ్మములో నిలిచి, "లాకు వెయ్యరా అంటే వినడండీ" అని మాతో అనెను. కుమారుడు నవ్వి, "పది నిమిషాల పని నాన్నా. లాకు వేస్తే దించేటప్పుడు మళ్ళీ ఎత్తి విప్పాలి" అనెను.

అది నిజమే. లాకు మీద కూర్చున్న చట్రమును దించుటకు మరల కొద్దిగా ఎత్తి, రెండు లాకులను విడదీసి, అప్పుడు వదలవలెను. అందులకు అర నిమిషము పట్టును.

మేము వాదింపలేదు. తండ్రిని సుద్దముక్క అడిగి, కారును ఆ ఎత్తుననే ఉంచి, వెనుక బంపరు అంచునకు సరిగా గోడమీద గీత గీసితిమి. భోజనమునకు రమ్మని పిలిచినందున లోనికి పోతిమి. గంటన్నర తరువాత తిరిగి వచ్చి చూడగా బంపరు గీతకు వ్రేలెడు క్రిందికి వచ్చియున్నది. నేలమీద నూనె చుక్క ఒక్కటి కూడ లేదు. నూనె బయటికి రాలేదు, కవాటము దాటి వచ్చిన పెట్టెలోనికే పోయినది. కుమారుడు గీతను చూచెను, తండ్రిని చూచెను. ఏమియు అనక మీట నొక్కి కారును పైకి లేపి, రెండు ప్రక్కల లాకులు వేసి, వంగి రెండింటిని చేతితో తాకి చూచెను.

ఈ సుద్దగీత పరీక్షను ఎవరైనను తమ జాకీకి చేసికొనవచ్చును. బండిని ఒక జానెడు లేపి, క్రింద దుంగ పేర్పు ఉంచి, గీత గీసి గంట సేపు విడువుడు. గీత తప్పినచో జాకీకి మరమ్మతు కావలెను. గీత తప్పనిచో జాకీ ఆ గంట బాగున్నదని మాత్రమే అర్థము.

నూనె గురించి కొన్ని మాటలు

జాకీలోను లిఫ్టులోను హైడ్రాలిక్ నూనె తప్ప మరొకటి పోయరాదు. బ్రేకు నూనె కూడ హైడ్రాలిక్ నూనెయే గదా అని పోయువారున్నారు. సాధారణమైన బ్రేకు నూనె వేరు జాతిది. జాకీ వాషరుల రబ్బరును అది ఉబ్బించి చెడగొట్టును. వాడిన ఇంజను ఆయిలు పోసినచో అందులోని మసియు ఇనుప పొడియు కవాటములలో చేరును. నూనె మట్టము చూచుటకు పిస్టనును పూర్తిగా దించి, నిలువుగా పెట్టి, ప్రక్కనున్న బిరడా తీయవలెను. నూనె రంధ్రపు క్రింది అంచు వరకు ఉన్నచో చాలును. పని లేనప్పుడు పిస్టనును లోపలికి దించియే ఉంచవలెను. బయట మిగిలిన పిస్టనుకు త్రుప్పు పట్టి, ఆ గరుకుతనము వాషరును కోయును.

జాకీ లేచునప్పుడు మెత్తగా, అదురుచు లేచినచో లోపల గాలి చేరినదన్నమాట. క్రొత్త లిఫ్టు గొట్టములను తగిలించినప్పుడు కూడ గాలి ఉండును. కారు లేకుండ పలుమార్లు లేపి దించి, తయారీదారులు చెప్పిన రీతిని గాలిని తీయవలెను. రెండు చట్రములలో ఒకటి ముందుగా లేచుచున్నచో వెంటనే ఆపివేయవలెను. మోటారు ప్లగ్గు మూడు కాళ్ళది అయి, ఎర్తు సరిగా ఉండవలెను. షెడ్డు నేల తడిగా ఉన్నప్పుడు ఈ మాట మరింత గుర్తుంచుకొనదగినది.

గొట్టము నుండి నూనె చిమ్ముచున్నట్లు అనుమానము కలిగినచో చేతితో తడవి చూడరాదు. సూదిమొన వంటి రంధ్రము నుండి అంత ఒత్తిడితో వచ్చు నూనె చర్మమును చీల్చి లోనికి పోగలదు. గాయము దోమకాటు అంతయే కనబడును, నొప్పియు మొదట అంతగా ఉండదు. కాని చేయి పోగొట్టుకొనవలసిన స్థితి రావచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక వెంటనే పెద్ద ఆసుపత్రికి పోయి, నూనె లోనికి పోయినదని వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. రంధ్రము వెదకుటకు అట్టముక్కను దూరముగా పట్టి చూచినచో నూనె మరక పడును.

బండి క్రింద పనిచేయునప్పుడు ఒంటరిగా ఉండరాదు. బయట ఒక మనిషి ఉండవలెను. పిల్లలను షెడ్డులోనికి రానీయరాదు. కూర్చుండి ఆడుకొనుటకు జాకీ పిడి కన్న ఆకర్షణీయమైన వస్తువు పిల్లలకు లేదు. ఒకవేళ మనిషి క్రింద చిక్కుకొన్నచో పదిమంది కలిసి బండిని ప్రక్కకు నెట్టుటకు ప్రయత్నింపరాదు. ఒకరు వెంటనే 108 నంబరుకు ఫోను చేయవలెను. మిగిలిన వారు చక్రములకు అడ్డు వేసి, వేరొక జాకీతో నిలువుగా లేపుచు, లేచినకొలది క్రింద దుంగలు దూర్చవలెను.

ఇంతకును ఇట్టి లిఫ్టు ప్రతి ఇంటికిని కావలెనా అని అడిగినచో, అక్కరలేదనియే మా అభిప్రాయము. ఒక్క కారు ఉన్న ఇంటికి మంచి జాకీ, రెండు స్టాండులు, నాలుగు చెక్క అడ్డులు, ఒక పలక చాలును. బండ్లు అద్దెకు త్రిప్పువారికిని, గ్రామములో మరమ్మతు కొట్టు పెట్టుకొన్న యువకులకును లిఫ్టు అక్కరకు వచ్చును. కొనునప్పుడు ఎంత బరువు ఎత్తునని మాత్రమే అడుగక, లాకు ఎన్ని ఎత్తులలో పడును, వాషరులు విడిగా దొరకునా అని అడుగవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోట ఒక పూట నిలిచి, అనుభవమున్న మేస్త్రీలు లిఫ్టు క్రిందికి పోవుటకు ముందు ఏమి చేయుదురో చూచుట కూడ మంచి పాఠమే.

గుంటూరు జిల్లాలోని ఆ ఇంటికి మేము కొంత కాలము తరువాత మరల పోతిమి. షెడ్డులోని కడప రాళ్ళను తీసివేసి సిమెంటు కాంక్రీటు పోసియుండిరి. లిఫ్టు చట్రములు రెండును గోనెపట్టాలు కప్పుకొని గోడకు ఆనియుండెను. పెట్టెలోని కవాటమును విప్పి శుభ్రము చేయించితినని కుమారుడు చెప్పెను. కారు బయట వేపచెట్టు క్రింద ఉండెను. కాంక్రీటు గట్టిపడుటకు 28 దినములు ఆగుమని మేస్త్రీ చెప్పెనట. తండ్రి వాకిటిలో నీళ్ళ గొట్టము పట్టుకొని నేలను తడుపుచు, వ్రేళ్ళు మడచి లెక్కించి, ఇంకను తొమ్మిది దినములు ఉన్నవని చెప్పెను.